డెబ్భై మార్కుల మునిసిపాలిటీ

మా గుండేరుపాలెం మునిసిపాలిటీకి వచ్చే ప్రతి కమిషనర్‌కీ ఏదో ఒక పిచ్చి ఉండటం ఆనవాయితీ. ఒకాయనకి గులాబీల పిచ్చి. ఆయన హయాంలో ఊళ్ళో కుళాయిలకి రాని నీళ్ళు ఆఫీసు గులాబీలకి వచ్చేవి. తర్వాతి ఆయనకి యోగాసనాల పిచ్చి. శీర్షాసనం వెయ్యలేనివాళ్ళ ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. అందుకని, కొత్తగా వచ్చిన ముక్కామల విశ్వప్రసాద్ గారికి పాత నాణేల పిచ్చి అని తెలియగానే మేమంతా హమ్మయ్య అనుకున్నాం. నాణేలు నీళ్ళు తాగవు, తలకిందులుగా నిలబడమనవు. మన జోలికి రావులే అనుకున్నాం.

అందులోనూ ఆయనవి మామూలు నాణేలు కావు. అమెరికావాళ్ళు స్వతంత్రం తెచ్చుకున్న కొత్తల్లో, సొంత టంకశాల పెట్టుకుని, తడబడుతూ ముద్ర కొట్టిన తొలినాటి రాగి సెంట్లు. వాటికోసం ఎక్కడెక్కడో వేలంపాటలకి ఉత్తరాలు రాసేవారు. ఊళ్ళో మురుగుకాలవల గురించి వచ్చిన ఉత్తరాలకి మాత్రం జవాబు రాసే తీరిక దొరికేది కాదు.

మొదటి సోమవారం సమీక్షా సమావేశం మురుగుకాలవల గురించే అని నోటీసులో ఉంది. హెడ్ క్లర్కు సుందరాన్ని నేనే కాబట్టి కాలవల ఫైలు పట్టుకుని కూర్చున్నాను. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు.

"స్వతంత్రం వచ్చిన కొత్తల్లో వాళ్ళకి సొంత నాణెమే లేదయ్యా. స్పెయిన్ వాళ్ళ వెండి డాలరుని ఉలితో ఎనిమిది ముక్కలు చేసి చిల్లరగా వాడుకునేవారు. తర్వాత ఫిలడెల్ఫియాలో టంకశాల పెట్టారు. పదిహేడు వందల తొంభై మూడులో తొలి సెంటు వచ్చింది. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి. రెండోవైపు గొలుసు! రాష్ట్రాలన్నీ కలిసి ఉన్నాయని చెప్పడానికి గొలుసు వేశారు పాపం. జనం ఊరుకుంటారా? స్వేచ్ఛ వెనకాల సంకెళ్ళేమిటి, ఆవిడ ముఖం చూస్తే హడలిపోయినట్టుంది అని పత్రికల్లో ఏకిపారేశారు. కొద్ది వారాల్లోనే గొలుసు తీసేసి ఆకుల దండ పెట్టారు. ఆ గొలుసు సెంటు ఒక్కటి కళ్ళారా చూస్తే చాలు, నా జన్మ తరించినట్టే."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. శానిటరీ ఇన్‌స్పెక్టరు మెల్లిగా లేచి, "మరి మూడో వార్డు కాలవ అండీ?" అన్నాడు.

"చరిత్ర గురించి మాట్లాడుతుంటే కాలవలేమిటయ్యా!" అన్నారు కమిషనర్ గారు. కాలవ అక్కడితో ఆగిపోయింది. అది అంతకుముందే ఆగిపోయి ఉంది కాబట్టి ఎవరికీ నష్టం అనిపించలేదు.

అసలు ముప్పు రెండో సోమవారం వచ్చింది. ఆ పాత రాగి సెంట్ల మీద మోజుపడ్డ అమెరికాయన ఒకడు నాణేలకి మార్కులు వేసే పద్ధతి పెట్టాడట. ఒకటి నుంచి డెబ్భై దాకా మార్కులు. చేతులు మారి మారి బొమ్మ చెరిగిపోయి ఉత్త రేకులా మిగిలినదానికి ఒకటి. టంకశాల నుంచి వచ్చి ఒక్కరోజు కూడా బజారు ముఖం చూడనిదానికి అరవై, ఆపైన. ఏ లోపమూ లేనిదానికి డెబ్భై. అంటే ఏ నాణెం ఎవరికీ ఏమీ కొనిపెట్టలేదో దానికి విలువెక్కువ. ఊరంతా తిరిగి బియ్యం, ఉప్పు, చెప్పులు కొనిపెట్టిన నాణేనికి విలువ తక్కువ.

ఇది చెప్పి కమిషనర్ గారు మా అందరి ముఖాలూ వరసగా చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, పురపాలక సంఘ సిబ్బందిని అంతర్జాతీయ ప్రమాణముల మేరకు ఒకటి మొదలు డెబ్భై వరకు శ్రేణీకరించుటకు నిర్ణయించడమైనది. అరుగుదల లేని సిబ్బంది సంఘమునకు అమూల్యమైన ఆస్తి. అధికముగా వాడబడిన సిబ్బంది విలువ తగ్గును. కావున సిబ్బంది తమను తాము వాడబడకుండా కాపాడుకొనవలెను."

మునిసిపాలిటీ పుట్టినప్పటి నుంచీ సిబ్బందికి ఇంత నచ్చిన సర్క్యులర్ రాలేదు. ఇన్నేళ్ళూ సిగ్గుపడుతూ చాటుగా చేసిన పనిని, అంటే ఏ పనీ చెయ్యకపోవడాన్ని, ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి పరిరక్షణ అన్నారు. రెవెన్యూ సెక్షన్ వాళ్ళు మిఠాయిలు పంచుకున్నారు.

కమిషనర్ గారు భూతద్దం పట్టుకుని ఒక్కొక్కరినీ తన గదిలోకి పిలిపించి మార్కులు వేశారు. టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు మానేపల్లి రాంబాబుకి డెబ్భైకి డెబ్భై వచ్చాయి. అతను ఉద్యోగంలో చేరిన రోజునే సెలవు పెట్టి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. జీతం మాత్రం వెళుతూ ఉంటుంది. "టంకశాల నుంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఉంచాం. ఇది మన సంస్థకి గర్వకారణం" అని, అతను లేకుండానే అతని కుర్చీకి శాలువా కప్పారు. నాకు యాభై ఎనిమిది వచ్చాయి. దాని అర్థం 'దాదాపు వాడనిది' అని కమిషనర్ గారే వివరించారు. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే, ఆవిడ ఆశ్చర్యపడలేదు.

ఆఖరికి పంపన సత్యవేణి గారి వంతు వచ్చింది.

సత్యవేణి గారు జనన మరణాల సెక్షన్‌లో గుమాస్తా. భర్త మా పంపుహౌసులో పనిచేస్తూ కరెంటు కొట్టి పోతే, ఆ ఉద్యోగం బదులు ఈవిడకి ఇది ఇచ్చారు. కింది అంతస్తులో ఒక కిటికీ, దాని వెనకాల ఈవిడ, దాని ముందు ఊరు. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ కాగితాలు అక్కడే. ఇంటి పన్ను సంగతులూ కుళాయి సంగతులూ కూడా జనం అక్కడికే తెచ్చేవారు, ఎందుకంటే ఆఫీసు మొత్తం మీద అడిగితే జవాబు చెప్పే మనిషి అక్కడే ఉండేది. నర్సింగు చదివే కూతురు, మంచం పట్టిన అత్తగారు, ఈ ఉద్యోగం. ఆవిడకి ఉన్నవి అవే.

నేను పక్కన నిలబడి మార్కులు రాసుకుంటున్నాను.

"మీ వేలి మీద ఇదేమిటి?" అన్నారు కమిషనర్ గారు భూతద్దంలోంచి.

"సిరా అండీ. చేరినప్పట్నించీ ఉందండి. పోదండి."

"గొంతు ఇలా ఉందేం?"

"కిటికీ అవతలోళ్ళకి వినబడాలి కదండీ. అరిచి అరిచి ఇలాగైపోయిందండి."

"కళ్ళజోడుకి దారం. మోచేతుల దగ్గర జాకెట్టు పలచబడింది. అంచులు పోయాయి, ఉపరితలం పోయింది." ఆయన నిట్టూర్చారు. "మూడు."

"వందకాండీ?"

"డెబ్భైకి."

"అయ్యబాబోయ్! మా అమ్మాయితో అనకండి సార్. మార్కులు తక్కువొచ్చాయని నిన్ననే దాన్ని చివాట్లేశాను" అంది ఆవిడ.

కమిషనర్ గారు నవ్వలేదు. సొరుగు లాగి నల్లటి రాగి బిళ్ళ ఒకటి తీశారు. పాత రూపాయి కంటే కాస్త పెద్దది, అరిగి నున్నబడిపోయింది. "నేను కొన్న అపురూపమైన సెంటుతో పాటు ఇది కొసరుగా వచ్చింది. ఏ తాళాల కంపెనీ వాళ్ళ బిళ్ళో అయి ఉంటుంది, వెనక గొలుసులాంటిదేదో కనీ కనపడకుండా ఉంది. దీనికీ మూడే ఇచ్చాను. ఎక్కువ వాడకం వల్ల ఎవరైనా ఏమైపోతారో తెలియడానికి మీ బల్ల మీద పెట్టుకోండి" అని ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "థాంక్సండి" అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. యాభై ఎనిమిది మార్కులవాణ్ణి కాబట్టి ఏమీ అనలేదు.

ఆ తర్వాత నిబంధనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి కాబట్టి ఫైళ్ళని కూడా అంచుల దగ్గరే పట్టుకోవాలన్నారు. వేలిముద్రలు పడకూడదని అందరికీ తెల్లటి నూలు చేతొడుగులు ఇచ్చారు. వాటితో కలం నిలవదు, కాగితం తిరగదు. అరవై మార్కులు దాటినవాళ్ళకి గాలి తగలకుండా గాజు గదులు కట్టించారు. జనం బయటినుంచి వాళ్ళని చూడవచ్చు, మాట్లాడకూడదు. ఒక స్కూలు మేస్టారు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి చూపించి వెళ్ళాడు కూడా.

పై అంతస్తులో ఎవరూ ఏ కాగితమూ ముట్టుకోకపోయేసరికి పనులన్నీ సత్యవేణి గారి కిటికీ మీద పడ్డాయి. క్యూ గేటు దాటింది. నేను ముందంటే నేను ముందని కొట్లాటలు మొదలయ్యాయి. ఒకరోజు ఆవిడ విసిగిపోయి, బల్ల మీదున్న నల్లబిళ్ళ తీసి క్యూలో మొదటివాడి చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఎవరి చేతిలో బిళ్ళుంటే ఆళ్ళదే వంతు. పనయ్యాక ఎనకాలోళ్ళ చేతిలో పెట్టి వెళ్ళండి. మధ్యలో దూరినోళ్ళతో నేను మాటాడను."

అంతే, కొట్లాటలు ఆగిపోయాయి. మా ఊరివాళ్ళు చట్టాన్ని లెక్కచెయ్యకపోవచ్చు గానీ బిళ్ళని బాగా గౌరవించారు. రోజంతా అది చేతులు మారుతూ ఉండేది. సాయంత్రం ఆఖరు మనిషి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళేవాడు.

ఇంతలో నూకరత్నమ్మ వచ్చింది. సంత దగ్గర ఎండుచేపలు అమ్ముకునే మనిషి. మనవరాలి పుట్టిన కాగితం టైపుకి పై అంతస్తుకి వెళితే, అక్కడి గాజు గదిలో అరవై రెండు మార్కుల ఉద్యోగి చేతొడుగులతో కొట్టాడు. అది దిద్దించుకోవడానికి సత్యవేణి గారు ఆవిణ్ణి నాతో పాటు కమిషనర్ గారి దగ్గరికి పంపింది.

"చిత్తగించండి బాబూ," అంది నూకరత్నమ్మ. "ఆడపిల్లని మగపిల్లోడని రాశారండి. తండ్రి పేరున్న చోట ఆస్పత్రి పేరు రాశారండి. పైగా అదింకా పుట్టలేదంటండి, వచ్చే ఏడు పుడతాదంట. బళ్ళో చేర్చుకోం పొమ్మంటన్నారండి."

కమిషనర్ గారు కాగితాన్ని అంచులు పట్టుకుని వెలుతురులో చూశారు. "మూడు తప్పులు! సుందరం గారూ, మూడు! పద్దెనిమిది వందల ఒకటిలో అమెరికా టంకశాలలో ఒకే సెంటు మీద మూడు తప్పులు దొర్లాయి. అంకె ఒకటి తప్పు, అక్షరం ఒకటి తప్పు, ఆకుల దండకి ఒక కాడ లేదు. దానికోసం ఇవాళ నాణేలు సేకరించేవాళ్ళు ఎగబడతారు. ఇన్నాళ్ళకి అలాంటిది మన ఆఫీసులో పుట్టింది. దీన్ని దిద్దడమంటే చరిత్రని చెరపడమే." ఆ దరఖాస్తు మీద 'దిద్దరాదు' అని రాసి సంతకం పెట్టారు.

"మరి నా మనవరాలెప్పుడు పుడతాదండీ?"

"ధ్రువపత్రం ప్రకారం వచ్చే ఏడాది."

"అందాకా దాన్నేం చెయ్యమంటారు?"

"కాగితాన్నా? జాగ్రత్తగా దాచండి. అంచులు మాత్రమే పట్టుకోండి."

నూకరత్నమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నా చేతొడుగులు చూసుకున్నాను. ఆవిడ దిగి వెళ్ళిపోయింది గానీ, మర్నాడు మళ్ళీ క్యూలో నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా సత్యవేణి గారు, "నేను దిద్దుదామన్నా ఆయన రాసిన మాట అడ్డమొస్తందమ్మా, రేపు మళ్ళీ అడుగుదాం" అనేది. నూకరత్నమ్మ బిళ్ళ వెనకాలవాళ్ళకిచ్చి వెళ్ళేది.

ఇక చివరి సర్క్యులర్. పూర్తిగా అరిగిపోయిన నాణేలని పాతకాలంలో టంకశాలలు వెనక్కి తీసుకుని కరిగించేవట. కావున ఎనిమిది మార్కుల లోపు వచ్చిన సిబ్బందిని 'చెలామణీ నుంచి ఉపసంహరించుటకు' నిర్ణయించడమైనది. ఉపసంహరించడమంటే ఉద్యోగంలోంచి ఇంటికి పంపడం. ఎనిమిది లోపు వచ్చింది ఆఫీసు మొత్తానికి ఒక్కరికే.

ఆ ఉత్తర్వు టైపు చేయించింది నేనే. విషయం చెప్పడానికి కిందికి వెళ్ళాను.

"పనిచేసినందుకా సుందరం గారూ?" అని అడిగింది సత్యవేణి గారు. తర్వాత, "అమ్మాయి ఫీజు ఈ నెలాఖరుకి కట్టాలండి" అంది. ఆవిడ గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉంటుంది కాబట్టి ఏడుస్తోందో లేదో తెలియలేదు. కిటికీ అవతల ఎవరో బిళ్ళతో గట్టు మీద టకటకమని కొట్టారు. "ఉండండి బాబూ, వస్తన్నాను" అని అటు తిరిగింది.

ఉత్తర్వు మీద సంతకానికి మంచి ముహూర్తం పెట్టారు. ఆ రోజునే కమిషనర్ గారి అపురూపమైన సెంటుని మీటింగు హాల్లో ప్రతిష్ఠించాలని సంకల్పం. పదిహేడు వందల తొంభై నాలుగు నాటిది, ఎర్రగా తళతళా మెరిసిపోతూ, ఎవరి చెయ్యీ తగలనిది. దాన్ని ఆయనే స్వహస్తాలతో ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అంచులు అంటించి, మీద 'డెబ్భై' అని రాశారు. ప్రారంభించడానికి హైదరాబాదు నుంచి పాత నాణేల నిపుణుడు మీర్ అన్వరుద్దీన్ గారిని పిలిపించారు. తెల్లగడ్డం, చేతిలో చిన్న అద్దం, తక్కువ మాటలు.

పూలదండలయ్యాయి. కమిషనర్ గారు టంకశాల చరిత్ర మొదటినుంచీ చెప్పారు. అన్వరుద్దీన్ గారు పెట్టె తీసుకుని అద్దంలోంచి చూసి, "జర ఇది తెరవండి సాబ్" అన్నారు.

"తెరవకూడదు కదండీ. గాలి తగులుతుంది."

"తగలనీయండి. ఏం గాదు."

పెట్టె తెరిచారు. పెట్టె అంచు కింద దాగి ఉన్నచోట, నాణెం వార మీద, సన్నటి అక్షరాలలో 'నకలు' అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది.

"దుకాణాల్ల బొమ్మలాగ అమ్ముతరు సాబ్," అన్నారాయన నెమ్మదిగా. "ఇది మొన్నమొన్న చేసింది. ఎవరూ వాడలే కాబట్టి మెరుస్తున్నది. ఒక మాట గుర్తు పెట్టుకోండి, రెండు వందల ఏండ్ల రాగి ఇట్ల మెరిస్తే అనుమానపడాలె."

కమిషనర్ గారు కుర్చీలో కూలబడ్డారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "దీనితో పాటు కొసరుగా ఇంకొకటి పంపాడండీ ఆ దుర్మార్గుడు. అది మరీ అధ్వానం, నల్లటి బిళ్ళ. వెనక గొలుసులాంటిదేదో..." అన్నారు.

"గొలుసు?" అన్నారు అన్వరుద్దీన్ గారు. "గొలుసు చుట్టూత అక్షరాలున్నయా? అమెరికా పేరు పూర్తిగ లేకుండ సగంల ఆపేసి చుక్క పెట్టినట్టు?"

"సగంలో ఆగింది. అందుకే తాళాల కంపెనీవాళ్ళు..." కమిషనర్ గారి మాట కూడా సగంలో ఆగింది.

తొలి సెంటులో చోటు చాలదని చెక్కడంవాడు దేశం పేరు కూడా పూర్తిగా చెక్కకుండా కుదించాడట. అన్వరుద్దీన్ గారు లేచి నిలబడ్డారు. "అల్లా! అదే గొలుసు సెంటు సాబ్. అరిగిపోయినా ఫరక్ లేదు. దాంతోని మీ ఊరికి నీళ్ళ ట్యాంకు కట్టొచ్చు. ఏదీ, ఎక్కడున్నది?"

జన్మంతా ఎదురుచూసిన నాణెం ఆయన సొరుగులోనే ఉంటే, అరిగిందా లేదా అన్నది చూశారు తప్ప అదేమిటో చూడలేదు. నాకు జాలి వెయ్యాల్సింది. వెయ్యలేదు.

అందరం మెట్లు దిగి కిటికీ దగ్గరికి పరిగెత్తాం. "సత్యవేణి గారూ! నేనిచ్చిన బిళ్ళ?"

"క్యూలో ఉందండీ."

"క్యూలో ఎక్కడ?"

"ఎవరి వంతైతే ఆళ్ళ చేతిలో ఉంటదండి."

వంతు నూకరత్నమ్మది. పిడికిలి బిగించి నిలబడి ఉంది.

"అమ్మా, ఆ బిళ్ళ ఇలా ఇవ్వండి," అన్నారు కమిషనర్ గారు.

"పనవ్వందే ఇవ్వనండి."

"నేను కమిషనర్‌ని!"

"మరీ మంచిదండి. దిద్దద్దని రాసింది తమరే కదా."

ఆయన ముందుకి వంగి ఆవిడ చెయ్యి పట్టుకోబోయారు. "సాబ్! లాగకండి!" అని కేకేశారు అన్వరుద్దీన్ గారు. "గోరు తగిలితే గీత పడ్తది!" కమిషనర్ గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పోలీసుల్ని పిలుద్దామంటే, పెనుగులాటలో కింద పడితే అంచు సొట్టపోతుందన్నారు. నిపుణుడు చెప్పిన జాగ్రత్తలన్నీ నూకరత్నమ్మ పిడికిలికి కాపలా కాశాయి.

చివరికి కమిషనర్ గారు చేతొడుగులు విప్పి కిటికీ వెనక కూర్చున్నారు. 'దిద్దరాదు' కొట్టేశారు. పిల్లని ఆడపిల్లని చేశారు, తండ్రిని తండ్రిని చేశారు, పుట్టిన సంవత్సరం వెనక్కి లాగారు. సంతకం, ముద్ర పడ్డాయి. నూకరత్నమ్మ కాగితాన్ని మధ్యలో పట్టుకుని సుబ్బరంగా మడిచి బొడ్లో దోపుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, బిళ్ళ వెనకాలాయన చేతిలో పెట్టింది.

"నాకు ఇమ్మంటే!" అన్నారు కమిషనర్ గారు ఏడుపు గొంతుతో.

"ఆయన వంతండి. పొద్దున్నించీ నిలబడ్డాడు పాపం" అని వెళ్ళిపోయింది.

వెనకాలాయనకి ఇంటి పన్నులో పేరు మార్పు కావాలి. అయింది. ఆ వెనకావిడకి కుళాయి. అయింది. కమిషనర్ గారే స్వయంగా పనులు చేసిపెడుతున్నారన్న కబురు గంటలో ఊరంతా పాకింది. క్యూ రోడ్డు దాటి కాఫీ హోటలు దాకా పెరిగింది. ఎంతమందికి పని చేసిపెడితే బిళ్ళ అన్ని చేతులు మారుతోందే గానీ ఆయన చేతికి రావడం లేదు. గాజు గదుల్లోంచి అరవైలవాళ్ళని దింపారు. నా చేతొడుగులు ఎక్కడ ఊడిపోయాయో నాకే తెలియదు. డెబ్భై మార్కుల రాంబాబుకి ఫోను చేసి రప్పిస్తే, అతన్ని ఎవరూ గుర్తుపట్టక క్యూ చివర నిలబెట్టారు. సాయంత్రం దాకా నిలబడి, తన వంతు రాగానే సెలవు చీటీ ఇచ్చి వెళ్ళిపోయాడు. మూడో వార్డు కాలవ ఆ రోజే కదిలింది.

అయిదయ్యేసరికి కమిషనర్ గారికి రక్తపోటు ఎక్కింది. ఆయన్ని కారులో ఇంటికి పంపాం, అన్వరుద్దీన్ గారు రైలు వేళయిందని వెళ్ళిపోయారు. ఆఖరు మనిషి ఎప్పట్లాగే బిళ్ళ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళాడు. సత్యవేణి గారు దాన్ని పైట కొంగున ముడి వేసుకుంది. "పొద్దున్నే ఆయన చేతికే ఇచ్చేస్తానండి. పాపం, పిల్లాడిలా ఏడిచారు" అంది. ఉత్తర్వు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ నాతోపాటు ఆయన గదిలోకి వచ్చి కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. బిళ్ళ బంగారు కాసులా ధగధగలాడుతోంది.

"ఏమిటిది?" అన్నారు కమిషనర్ గారు.

"మీ బిళ్ళేనండీ. పెద్దోరికిచ్చేది మట్టికొట్టుకుపోయి ఉంటే ఏం బాగుంటదండీ? దేవుడి దగ్గర రాగిచెంబుతో పాటు చింతపండూ ఉప్పూ వేసి తోమానండి."

పాత నాణేన్ని కడగటం మహాపాపమని ఆయనే మాకు సర్క్యులర్ ఇచ్చారు. కానీ ఆయన ఉలిక్కిపడలేదు. చిరునవ్వు నవ్వారు. మోసపోయి తెలివి తెచ్చుకున్న మనిషి నవ్వు అది.

"సత్యవేణి గారూ, ఒకసారి మోసపోయాను గానీ రెండోసారి పోను. నిపుణుడు ఏమన్నాడు? మెరిస్తే అనుమానపడమన్నాడు. ఇది మెరుస్తోంది. కాబట్టి ఇది నకిలీ."

"ఇదేనండీ అది!"

"నాకు నాణేల గురించి చెప్పకండి."

"అయ్యో, నిజంగా ఇదేనండీ సార్..."

"అసలుది నల్లగా ఉంటుంది. నిన్న ఊళ్ళోవాడెవడో పట్టుకుపోయి దీన్ని పెట్టాడు." ఆయన బల్ల మీది ఉత్తర్వు తీసి, సంతకం పెట్టకుండా సొరుగులో పడేశారు. "ఊళ్ళో ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ కిటికీతో పని పడుతుంది. వచ్చిన ప్రతివాడి పనీ చేసిపెట్టండి, మర్యాదగా మాట్లాడండి, చేతులు చూడండి. నేనూ వచ్చి కూర్చుంటాను. ముఖాలు గుర్తుపట్టేది మీరొక్కరే కాబట్టి, అసలు నాణెం దొరికేదాకా మీరు అక్కణ్ణించి కదలడానికి వీల్లేదు."

సత్యవేణి గారు మళ్ళీ నోరు తెరిచింది. సొరుగు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను బిళ్ళని వేలితో కొంచెం వాల్చాను. కిటికీ వెలుతురులో గొలుసు తాలూకు సన్నటి కడియాలు వరసగా ఒక్కసారి మెరిసి మాయమయ్యాయి. నేను తల అడ్డంగా ఊపాను.

"చిత్తమండీ," అంది ఆవిడ, బిళ్ళ తీసుకుని.

అప్పటినుంచీ మా ఆఫీసులో కిటికీ ఠంచనుగా తెరుచుకుంటుంది. కమిషనర్ గారు రోజూ పొద్దున్న సత్యవేణి గారి పక్కన కూర్చుని, నల్లబిళ్ళ కోసం ప్రతి అరచేతిలోకీ తొంగి చూస్తూ దరఖాస్తుల మీద సంతకాలు పెడతారు. ఒక్కోసారి క్యూలో బిళ్ళ అందకపోతే, ఆయనే ఈ మెరిసే బిళ్ళని అందుకుని వెనకాలవాళ్ళ చేతిలో పెడతారు. బొటనవేలు గొలుసు మీదుగా వెళుతుంది, చూపు మాత్రం అవతలివాడి జేబు మీద ఉంటుంది. సత్యవేణి గారు నెలాఖరుకి అమ్మాయి ఫీజు కట్టేసింది.

మాకున్న భయమల్లా ఒకటే. ఇంతమంది చేతులు మారితే రాగి ఊరికే ఉండదు, వారం తిరిగేసరికి మళ్ళీ నల్లబడటం మొదలుపెడుతుంది. అందుకని ప్రతి గురువారం సాయంత్రం సత్యవేణి గారు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, శుక్రవారం పూజ చెంబుతో పాటు తోముకొస్తుంది. చింతపండు ఖర్చు స్టేషనరీ పద్దులో నేను రాసుకుంటున్నాను.